కట్టని ఎర్రదారం

పదకొండు దాటింది. ఆ వాక్యం ఇంకా వెబ్‌సైటులోకి ఎక్కలేదు.

తాళ్ళ కొట్టు వెనకగదిలో ఫోను మోగి ఆగుతోంది, ఆగి మళ్ళీ మోగుతోంది. తాళ్ళాయన తన పీట మీద కూర్చుని, నారతాడు కొస ఒకటి పట్టుకుని పురి విప్పుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. పొద్దుటినుంచీ ఇదే పని. కొనడానికొచ్చిన ఇద్దరు గుమ్మందాకా వచ్చి, ఆయన మొహం చూసి, మళ్ళీ వస్తాంలెండి అని మెల్లగా జారుకున్నారు. నలభై రెండేళ్ళ వ్యాపారంలో సరుకు నచ్చక వెళ్ళినవాళ్ళున్నారు, ధర నచ్చక వెళ్ళినవాళ్ళున్నారు. మొహం నచ్చక వెళ్ళినవాళ్ళు వీళ్ళే మొదలు.

"టీ చల్లారిపోయింది," అంది ఆయన భార్య, గ్లాసు ఎత్తి మళ్ళీ అక్కడే పెడుతూ. "అలిగితే అలగండి. టీ మీద ఎందుకు అలక?"

"నేనా అలిగింది?"

"కాదు, తాడు."

అలిగింది కోడలని ఆయన నమ్మకం.

మేడమీద, ఒకప్పుడు కొబ్బరిపీచు చుట్టలు పేర్చిన గదిలో, కోడలు తన కంపెనీ నడుపుతోంది. జనం తమ ముఖ్యమైన కాగితాలు ఫోనులోంచి పంపిస్తే వాటిని తన కంప్యూటర్లలో తాళం వేసి దాచిపెట్టే పని. కంపెనీ మొదలైన రోజునుంచి, మూడేళ్ళుగా, ప్రతి సోమవారం తొమ్మిదింటికి మామగారి ఫోనులోకి ఒక వాక్యం వచ్చేది. ‘మా దగ్గర కాగితాలు దాచుకున్న ఎవరి వివరాలనూ రహస్యంగా ఇమ్మని ఈ రోజు వరకు ప్రభుత్వం మమ్మల్ని అడగలేదు.’ కింద ఒక పచ్చ బటన్. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వాక్యాన్ని పైకి చదివి, కోడలి వైపు తిరిగి "నిజమేనా అమ్మా?" అనేవాడు. "నిజమే మామయ్యా" అనేది ఆవిడ. అప్పుడు నొక్కేవాడు. మరుక్షణం అది కంపెనీ వెబ్‌సైటులో, ఆ వారం తేదీతో, అందరికీ కనపడేది.

మీ చెయ్యి మంచిది, బోణీ మీరే చెయ్యాలి అని ఆ పని ఆయనకి అప్పగించింది కోడలే. అప్పటినుంచి ఆయన సోమవారం తొమ్మిదింటికి పెళ్ళిళ్ళు కూడా మానుకున్నాడు.

ఈ సోమవారం కూడా చదివాడు. నిజమేనా అమ్మా అన్నాడు. కోడలు వంటగది గట్టు దగ్గర మంచినీళ్ళ సీసా మూత బిగిస్తోంది. బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. ఆ సీసా పట్టుకుని, ఒక్క మాట లేకుండా, మెట్లెక్కి వెళ్ళిపోయింది. వినపడలేదేమోనని ఆయన మెట్ల కిందికి వెళ్ళి మళ్ళీ అడిగాడు. పైన తలుపు మూసుకుంది.

ఆయన లెక్క వెంటనే తేలిపోయింది. శనివారం కోడలి స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు, అందరూ ఆవిడ కంపెనీని మెచ్చుకుంటుంటే, ఆయన ఉండబట్టలేక "అదంతా నడిచేది నా బొటనవేలి మీదేనండి" అన్నాడు. అందరూ నవ్వారు. కోడలూ నవ్వింది.

"నవ్వింది గానీ కడుపులో పెట్టుకుంది," అని తేల్చింది భార్య. "పరాయివాళ్ళ ముందు అనాల్సిన మాటా అది? కష్టం ఆ పిల్లది, వేలు మీదీను."

అంతలో వెనకగదిలోంచి కొడుకు వచ్చాడు. కంపెనీకి వచ్చే ఫోన్లన్నీ అతనే చూసుకుంటాడు. పొద్దుటినుంచి చెప్పిందే చెప్పి గొంతు బొంగురుపోయింది. ఎనభైమందికి పైగా అడిగారట. కొందరు మర్యాదగా, కొందరు అనుమానంగా. ఇద్దరు తమ కాగితాలన్నీ తీసేసుకుని వేరే చోటికి వెళ్ళిపోయారట. పెళ్ళాన్ని అడిగితే నన్నేమీ అడక్కు అందట, అంతే.

"ఒక్క వాక్యం నాన్నా. ఒక్క వేలు. మీ ఇద్దరి అలకలకి కంపెనీ మునిగేలా ఉంది."

"నీ దగ్గరా ఉంది కదరా ఆ బటన్. నాకు ఒంట్లో బాగాలేనప్పుడు నొక్కమని నీకూ ఇచ్చింది."

"నేను నొక్కను," అన్నాడు కొడుకు, ఎటో చూస్తూ. "నీ చేతి పని అది."

తాళ్ళాయన ఫోను తీశాడు. మనలాంటి చిన్నవాళ్ళని ప్రభుత్వం ఏమడుగుతుంది, దేనికడుగుతుంది అనుకున్నాడు. మూడేళ్ళు నూటయాభై సార్లకి పైగా నొక్కాక ఆ వాక్యంలో అర్థం అరిగిపోయి బోణీ ఒక్కటే మిగిలింది. వేలు బటన్ దాకా వచ్చింది. అలవాటు కొద్దీ వాక్యం పైకి చదివాడు. అలవాటు కొద్దీనే నోట్లోంచి వచ్చేసింది.

"నిజమేనా అమ్మా?"

ఎదురుగా కోడలు లేదు. ఖాళీ పీట ఉంది.

"నన్నడిగితే నాకేం తెలుసు?" అంది భార్య.

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. తాను అడగని ప్రశ్నకి జవాబు వచ్చినా ఫరవాలేదు గానీ, అడిగిన ప్రశ్నకి జవాబు రాకుండా సరుకు కదిలించడం ఆయన ఎరగడు. ఫోను జేబులో వేసుకుని లేచాడు. క్షమించమని అడిగితే తరిగిపోయేదేమీ లేదు. అడిగేసి, నిజమే అనిపించుకుని, నొక్కేసి, టీ తాగుదామనుకున్నాడు.

*

మెట్లు పద్నాలుగు, పాత చెక్కవి. ఐదోది అడుగు పడగానే కిర్రుమంటుంది. బాగుచేయిద్దామని కొడుకు ఎన్నిసార్లన్నా ఆయన ఒప్పుకోలేదు. ఎవరు దిగుతున్నారో, ఎవరు ఎక్కుతున్నారో పీట దగ్గరినుంచి తెలుస్తుందని ఆయన వాదం.

గదిలో కంప్యూటర్లు సన్నగా హోరుమంటున్నాయి. ఎన్నాళ్ళైనా ఇంకా పీచువాసన పోలేదు. కోడలు బల్ల ముందు కూర్చుని ఉంది. పని చేయడంలేదు. బల్ల సొరుగుకి కొత్త తాళం వేలాడుతోంది. ఆ సొరుగుకి తాళం ఉండగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, శనివారం నేనన్న మాట," అని మొదలుపెట్టాడు.

"ఏ మాట మామయ్యా?"

"అదే. బొటనవేలు."

కోడలు ఆయన్ని అలా చూసి, చటుక్కున నవ్వేసింది. నవ్వుతుండగానే కళ్ళు తడయ్యాయి. "దానికా మీరు టీ తాగనిది? అత్తయ్య ఫోన్ చేసి చెప్పారు. మీ మీద నాకు కోపమెందుకు మామయ్యా. మీరన్నది నిజమే. ఇది నడుస్తున్నది మీ వేలి మీదే."

ఆయన గుండె తేలికపడింది. అయితే సరే అంటూ ఫోను తీశాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదివాడు.

"నిజమేనా అమ్మా?"

కోడలు నోరు తెరిచింది. మాట రాలేదు. నోరు మూసుకుంది.

ఆవిడ తల నిలువుగా ఊపలేదు. అడ్డంగానూ ఊపలేదు. చూపు మాత్రం ఆయన మీదనుంచి తిప్పుకోలేదు.

ఆయన కాసుకున్నాడు. కాసుకోవడం ఆయనకి వచ్చిన విద్యే. కొనేవాడు ఆలోచిస్తూ ఊరుకుంటే ఒక తీరుగా ఉంటుంది, ధర తగ్గుతుందేమోనని ఊరుకుంటే ఇంకో తీరు. కడుపులో అబద్ధం పెట్టుకుని ఊరుకునేవాడి చెయ్యి ఊరికే ఉండదు, ఏదో ఒకటి తడుముతూ ఉంటుంది. కోడలి చేతులు బల్ల మీద కదలకుండా ఉన్నాయి. ఇది ఏ బేరంలోనూ ఆయన చూడని మౌనం.

అప్పుడు ఒక్కొక్కటే ఆయన మనసులోకి వచ్చి పక్కపక్కన కూర్చున్నాయి. సొరుగుకి కొత్త తాళం. శుక్రవారం మధ్యాహ్నం కొడుకు బయటికి వెళ్ళినప్పుడు వచ్చిన ఇద్దరు మనుషులు, ఒకాయన పొడుగు, ఒకాయనకి కళ్ళజోడు. కోడల్ని చూడాలని మేడెక్కి గంటన్నర కూర్చున్నారు. ఖాతాదారులనుకుని తానే టీ పంపించాడు. ఆ పైన, మూడేళ్ళ కిందట ఇదే గదిలో కూర్చుని లాయరుగారు చెప్పిన మాట: ‘వాళ్ళు అడిగితే ఇవ్వక తప్పదు. అడిగారని ఎవరికైనా చెబితే, కట్టుకున్నవాడికి చెప్పినా సరే, జైలు. నోరు మూయించే చట్టం ఉందమ్మా. కానీ అబద్ధం ఆడించే చట్టం ఇంకా రాలేదు. అంచేత ఏమీ జరగనంతకాలం వారం వారం ఏమీ జరగలేదని చెబుతూ ఉండు. జరిగిన వారం ఊరుకో. తెలియాల్సినవాళ్ళకి తెలుస్తుంది.’

ఆ రోజు ఆ మాటకి ఆయన తెగ మెచ్చుకుని నవ్వాడు. మంచి ఎత్తు అన్నాడు. తర్వాత మరిచిపోయాడు.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "టీ పంపిస్తానమ్మా," అన్నాడు.

గుమ్మం దగ్గరికి వచ్చాక, వెనకనుంచి "మామయ్యా" అని వినపడింది. తిరిగాడు.

"ఏమీ లేదు," అంది కోడలు.

"విన్నానమ్మా."

దిగుతూ దిగుతూ ఐదో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ‘నిజమే మామయ్యా’ అని రెండే రెండు మాటలు. ఆవిడ అని ఉంటే తాను నొక్కి ఉండేవాడు. కొడుకు ఫోన్లు ఆగేవి, భార్య నోరు ఆగేది, వెళ్ళిపోయిన ఇద్దరూ వెళ్ళకపోదురు. ఏ తంటా లేదు. కానీ ఈ చేత్తో వేలమందికి అబద్ధం చెప్పినవాడయ్యేవాడు, చెప్పానని తెలియకుండానే చచ్చిపోయేవాడు. ఆ పిల్ల పొద్దున్న సీసా మూత బిగించింది, విప్పింది, బిగించింది. ఆ కాస్తసేపూ తన వేలికి మసి అంటకుండా ఎలా తప్పించాలా అని వెతుక్కుంది కాబోలు. తానేమో అలక అనుకున్నాడు.

దండం పెట్టాలనిపించింది. కోడలికి మామగారు దండం పెడితే బాగుండదని, మెట్టుకి ఆనుకుని ఊరికే కూర్చున్నాడు.

కూర్చున్నాక భయం కూడా వచ్చింది. వేలమందిలో ఎవరి కాగితాలడిగారో ఆయనకి తెలియదు. కానీ ఒక్కడి కాగితాలు ఇక్కడున్నాయని తెలుసు. తీసుకొచ్చి చేర్పించింది తానే. పెయింటరు. ఇప్పుడు గోడలకి రంగులు వేయడంలేదు, కాలు సహకరించదు. కట్టుబడి కూలీల సంఘం నడుపుతున్నాడు. కిందటేడు కొత్త వంతెన ఒకటి బీటలు వారినప్పుడు, లోపల సిమెంటు ఎంత తక్కువ వేశారో చూసిన పందొమ్మిదిమంది కూలీలు సంతకాలతో రాసిచ్చిన కాగితాలు అతని దగ్గరున్నాయి. కాంట్రాక్టరుకి పైన చాలా పెద్దవాళ్ళు తెలుసు. ఆ పేర్లు బయటపడితే పందొమ్మిది కుటుంబాలకి రేపు పని ఉండదు, పనితో పోతే అదే అదృష్టం.

పెయింటరు ప్రతి సోమవారం ఆ వాక్యం చూసుకునే టీ తాగుతాడు.

*

"ఏమంది?" అన్నాడు కొడుకు.

"ఏమీ అనలేదు."

"అయితే నొక్కు."

"అనలేదు కాబట్టే నొక్కను."

కొడుకు గొంతు పెంచాడు. మూడేళ్ళుగా రాత్రీపగలూ కట్టిన కంపెనీ ఇది, ఒక్క పూటలో కూలిపోతుంటే ఇద్దరూ కలిసి మూగనోము పట్టారేమిటన్నాడు. తనకి మాత్రం ఎందుకు చెప్పరు, తాను ఈ ఇంటివాడు కాదా అన్నాడు. తల్లి మధ్యలోకి వచ్చి, తండ్రి ముందు ఆ గొంతేమిట్రా అని కొడుకునీ, నోట్లో నువ్వుగింజ నాననివారికి ఈవేళ నోరు కుట్టేసిందెవరని మొగుణ్ణీ కలిపి దులిపింది.

తాళ్ళాయన పీట కింద చెక్కపెట్టె లాగి, అందులోంచి ఎర్రదారం ఉండ తీసి, కొడుకు ముందు బల్ల మీద పెట్టాడు.

కొడుకు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ కొట్టులో ఒక పద్ధతుంది. తాళ్ళాయన తండ్రి పెట్టింది. తాడు వచ్చిన రోజు దాన్ని దూలానికి వేసి, కింద రెండు ఇసకబస్తాలు కట్టి, మర్నాడు పొద్దుటిదాకా వదిలేస్తారు. సాగకుండా, పోగు తెగకుండా నిలబడితే, పరీక్ష చేసినవాడు తన చేత్తో కొసకి ఎర్రదారం కడతాడు. దారం లేని తాడు చెడ్డదని తాళ్ళాయన ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. దాన్ని మంచిదని అనలేదు, అంతే. బావుల్లోకి దిగేవాళ్ళు, మేడలకి వేలాడి రంగులు వేసేవాళ్ళు కొసే చూసుకుంటారు, ధర తర్వాత.

కొడుక్కి పదహారేళ్ళప్పుడు ఒక రోజు తండ్రి ఊళ్ళో లేడు. పెయింటరు తొందరలో ఉన్నాడు. పరీక్ష అయిన తాడు అయిపోయింది. వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడమెందుకని, తాడు బాగానే ఉంది కదా అని, పిల్లవాడు తానే దారం కట్టి ఇచ్చేశాడు. పెయింటరు మూడో అంతస్తునుంచి పడ్డాడు. కింద గేటు మీది రేకు అడ్డం వచ్చి ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు, అంటే ఉంది గానీ మునుపటి కాలు కాదు.

పోలీసులు ఆసుపత్రిలో అడిగారు. తాడు ఏ కొట్టుదని. పెయింటరు కళ్ళు మూసుకునే చెప్పాడు, ముడి నేనే సరిగ్గా వేసుకోలేదండి అని. తాడు సంగతి ఆనాడు ఎత్తలేదు, ఈనాటికీ ఎత్తలేదు. తాళ్ళాయన పదకొండు రోజులు కొట్టు మూసి అతని మంచం పక్కన కూర్చున్నాడు. కొడుకుని ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కొడుకు కొట్టులో అన్ని పనులూ చేశాడు గానీ ఎర్రదారం ముట్టుకోలేదు. ఇరవయ్యేళ్ళు. తన ఫోనులో ఉన్న పచ్చ బటన్ కూడా అందుకే నొక్కడని తండ్రికి ఆ పొద్దునే తట్టింది.

"పరీక్ష కాలేదా?" అన్నాడు కొడుకు, మెల్లగా.

"నాకేమీ తెలియదు. నీకూ తెలియదు. ఎవరైనా అడిగితే ఇదే చెప్పు. ఇది అబద్ధం కూడా కాదు."

"ఫోన్లకి ఏం చెప్పను?"

"చెప్పడానికేమీ లేదని చెప్పు."

కొడుకు వెనకగదిలోకి వెళ్ళాడు. ఫోను మోగింది. తండ్రి చెవి అటే పెట్టాడు. "చెప్పడానికేమీ లేదండి," అంటున్నాడు కొడుకు. "లేదండి. అవునండి, వాక్యం లేదండి. అంతేనండి." కాస్త ఆగి, గొంతు మారి, "మంచిదమ్మా," అన్నాడు. బయటికి వచ్చి చెప్పాడు. ఎవరో రిటైరైన టీచరట. అర్థమైంది బాబూ, అబద్ధం చెప్పనందుకు సంతోషం, నేనెక్కడికీ వెళ్ళను అని పెట్టేసిందట.

సాయంత్రానికి అలాంటివాళ్ళు నలభైమంది తేలారు. తిట్టి వెళ్ళినవాళ్ళు పదకొండుమంది. ఇంత మంచి బేరం తన జన్మలో చూడలేదన్నాడు తాళ్ళాయన. భార్య వేడి టీ తెచ్చి, ముందు మేడమీదికి ఒకటి పంపించి, తర్వాత ఆయనకిచ్చింది. ఏం జరిగిందని ఆవిడ అడగలేదు. అడగకపోవడం ఆవిడ వల్ల అవుతుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

*

బుధవారం పదింటికి పెయింటరు వచ్చాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఎప్పటిలాగే గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఎప్పటిలాగే పీచుచుట్ట మీద కూర్చున్నాడు. రెండు రాత్రులు నిద్ర లేనట్టు కళ్ళు లోపలికి పోయాయి.

"షావుకారుగారూ, ఆరు బారల తాడు కావాలి."

"దారం ఉన్నది, నిన్ననే దింపాను."

"దారం లేనిదే ఇవ్వండి."

కొడుకు తల ఎత్తాడు. తాళ్ళాయన కూడా. ఇరవయ్యేళ్ళలో ఆ నోట ఆ మాట వినలేదు.

"బట్టలారేసుకోవడానికిలెండి," అన్నాడు పెయింటరు. "మీరు కట్టిన దారాన్నే ఇన్నాళ్ళూ నమ్మాను. కట్టని దారాన్ని కూడా నమ్మొచ్చని ఈ వారమే తెలిసింది."

"ఏమయ్యా, తాడు కొనడానికొచ్చావా, కబుర్లకొచ్చావా?"

"కొనడానికే. కానీ ఊరికే చెబుతున్నా. సోమవారం మా పందొమ్మిదిమందినీ ఒక్కొక్కళ్ళనీ వెళ్ళి కలిశాను. ఈ కాలుతోనే. ఇప్పుడందరూ ఒక పెద్ద లాయరుగారి ఇంట్లో చాపలేసుకుని కూర్చున్నారు. కోర్టుకి తామే వెళ్ళి, తమ నోటితో చెప్పేస్తారట. ముందే చెప్పేసినవాళ్ళ పేర్లు ఎవడు ఎత్తుకుపోయి ఏం చేసుకుంటాడు?" పెయింటరు నవ్వాడు. "మీరేమీ అనకండి. నేనేమీ అడగలేదు కదా."

ఒకనాడు మంచం మీద కళ్ళు మూసుకుని ఈ మనిషి ఊరుకున్న ఊరుకోవడానికి, మేడమీద ఆ పిల్ల ఊరుకోవడం ఎంతవరకు సరిపోతుందో తాళ్ళాయన లెక్కకి అందలేదు. ఇంకా పెయింటరు మేలు వైపే మొగ్గు ఉంటుందనిపించింది. అయినా ఇన్నాళ్ళకి త్రాసు కాస్త కదిలింది. అది చాలు.

తాడు కొలిచింది కొడుకు. బారకి జానెడు ఎక్కువ వేస్తూ ఆరు బారలూ కొలిచాడు. చుట్ట చుట్టి అందిస్తుంటే, పెయింటరు తాడుతోపాటు ఆ చేతిని కూడా పట్టుకున్నాడు.

"పైనున్న అమ్మాయికి మా అందరి దండాలు చెప్పు బాబూ. ఎందుకని అడిగితే, ఊరికేనని చెప్పు."

కొడుకు తల ఊపాడు. ఏదో అనబోయాడు. ఇరవయ్యేళ్ళుగా అనాల్సిన మాట అది. పెయింటరు అతని చేతి మీద రెండుసార్లు తట్టి, కాలు ఈడ్చుకుంటూ ఎండలోకి దిగాడు.

*

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, శుక్రవారం టీ తాగిన ఇద్దరూ గుమ్మంలోకి వచ్చారు. ఈసారి మేడ వైపు చూడలేదు. తిన్నగా పీట దగ్గరికే వచ్చారు.

పొడుగాయన మర్యాదగానే మాట్లాడాడు. ఈ సోమవారం వెబ్‌సైటులో ఒక వాక్యం కనపడలేదని, దాన్ని పెట్టేది పెద్దాయనేనని విన్నామని, మరిచిపోయి ఉంటారని అన్నాడు.

"వయసు కదండీ, చాలా మరిచిపోతాను," అన్నాడు తాళ్ళాయన. "ఇది మాత్రం మరిచిపోలేదు."

"అయితే ఇప్పుడు పెట్టేయండి. ఎప్పుడూ ఉండేదే కదా. జనం అనవసరంగా కంగారు పడుతున్నారు."

"ఎందుకు కంగారండీ?"

పొడుగాయన కళ్ళజోడాయన వైపు చూశాడు. కళ్ళజోడాయన దూలానికి వేలాడుతున్న ఇసకబస్తాల వైపు చూశాడు. వీళ్ళకీ చెప్పే వీల్లేదని తాళ్ళాయనకి అర్థమైంది. ఆ చట్టం వీళ్ళ నోళ్ళు కూడా కట్టేసింది. పాపం అనిపించింది కూడా.

ఆయన ఫోను తీశాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా, ఒక్క మాట మింగకుండా పైకి చదివాడు. తల ఎత్తాడు.

"నిజమేనా బాబూ? ఎప్పుడూ మా కోడలు చెప్పేది. ఈవేళ మీరు చెప్పండి. నిజమేనని ఒక్కమాట అనండి, మీ ఎదురుగానే నొక్కుతాను."

వీధిలో ఎవరిదో సైకిలు గంట కొట్టుకుంటూ పోయింది.

"చూశారా, మీరూ అనలేకపోతున్నారు," అన్నాడు తాళ్ళాయన. ఫోను మడిచిన తువ్వాలు కింద పెట్టాడు. "నన్ను మాత్రం ఎలా అనమంటారు?"

పొడుగాయన ఊపిరి వదిలి, మెల్లగా కొడుకు వైపు తిరిగాడు.

"రెండో బటన్ మీ దగ్గరుంది. మీ నాన్నగారు పెద్దవారు, పట్టుదల ఉంటుంది. మీరు ఆలోచించండి. మీరు నొక్కితే ఇది ఇక్కడితో అయిపోతుంది. లేకపోతే రేపటినుంచి మీ ఆవిడ మా ఆఫీసు చుట్టూ తిరగాలి. ఎన్నాళ్ళో నేను చెప్పలేను. తిరిగి ఇంటికి వస్తుందో లేదో కూడా చెప్పలేను."

వెనకగుమ్మంలో తాళ్ళాయన భార్య నాలుగు గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది.

కొడుకు జేబులోంచి ఫోను తీశాడు.

తాళ్ళాయన లేవలేదు. వద్దనలేదు. తాను ఒక్క మాటంటే కొడుకు ఆగిపోతాడని తెలుసు. కానీ బస్తాలు కట్టాక తాడుని చేత్తో పట్టుకుని నిలబెడితే అది పరీక్ష కాదు. ఆయన తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

కొడుకు వాక్యం పైకి చదివాడు. మూడేళ్ళలో అతని గొంతులో అది వినపడటం అదే మొదటిసారి. చదవడం పూర్తయ్యాక వేలు పచ్చ బటన్ మీద నిలిపి, బల్ల మీద ఇంకా అలాగే ఉన్న ఎర్రదారం ఉండని చూశాడు. మెట్ల వైపు తిరిగాడు.

"నిజమేనా?" అని పైకి వినపడేలా అడిగాడు.

పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. అడుగులు ఒక్కొక్కటే దిగుతూ వచ్చాయి. ఐదో మెట్టు కిర్రుమంది. అక్కడ ఆగిపోయాయి. కొడుకు వేలు బటన్ మీదనుంచి తీసి, ఫోను ఎర్రదారం ఉండ పక్కన పెట్టేశాడు.